అతుకు కనబడని గోడ

కృపారాణి ఏం పని చేస్తుందో సామర్లకోటలో ఉన్న వాళ్ళమ్మకి ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా అడిగితే, "కాకినాడలో కంప్యూటర్ ఆఫీసండి. వెబ్‌సైట్ల వెనకాల పని" అని చెప్పేది. వెనకాల ఏం పనుంటుందమ్మా అని పాస్టరమ్మగారు ఒకసారి గుచ్చిగుచ్చి అడిగితే, "వెనకాలంటే వెనకాలేనండి. ముందు పని వేరేవాళ్ళు చూసుకుంటారు" అని తేల్చేసింది.

నిజానికి ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వెబ్‌సైట్ తెరిస్తే అక్షరాలూ బొమ్మలూ కనబడతాయి కదా, వాటి వెనక పరుచుకుని ఉండే రంగూ, గీతలూ, గరుకూ, నునుపూ, అదీ కృపారాణి పని. దాన్ని తెర మొత్తానికీ గియ్యరు. జానెడు ముక్క ఒకటి తయారుచేసి, నేల మీద టైల్సు పరిచినట్టు దాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ పోతారు. కిటుకంతా అతుకులో ఉంది. కుడి అంచు ఎడమ అంచులోకీ, పై అంచు కింది అంచులోకీ కలిసిపోవాలి. ముక్క ఎక్కడ అయిపోయిందో, ఎక్కడ మళ్ళీ మొదలైందో చూసేవాళ్ళకి తెలియకూడదు. ఆ పని బాగా చేస్తే ఎవరూ గమనించరు, చెడగొడితే అందరూ గమనిస్తారు. ఆరేళ్ళ నుంచీ అదే ఉద్యోగం కాబట్టి పొగడ్తలు వినే అలవాటు కృపారాణికి తప్పిపోయింది.

ఆ ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో భీమవరం నుంచి బుల్లిరాజు గారని ఒకాయన ఆఫీసుకి వచ్చారు. రొయ్యల చెరువుల మీద బాగా గడించి, ఇప్పుడు ఎండుచేపల్ని అందమైన పొట్లాల్లో పెట్టి హైదరాబాదుకీ బెంగళూరుకీ అమ్ముదామని బయల్దేరిన మనిషి. ఆఫీసు యజమాని రమేష్ బాబు ఆయన్ని ఏసీ కింద కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు.

"వెబ్‌సైటులో సముద్రం బొమ్మ పెట్టకండి," అన్నారు బుల్లిరాజు గారు. "అది అందరూ పెడతారు. మనది తెరవగానే మొహానికి ఉప్పుగాలి కొట్టాలి."

"కంప్యూటర్లోంచి గాలెలా కొడుతుందండి?" అన్నాడు రమేష్ బాబు.

"అది మీరు చూసుకోవాలండి. నాది చేపల వ్యాపారం."

రెండు వారాల్లో కృపారాణి పధ్నాలుగు రకాలు చేసి చూపించింది. అలలు చూపిస్తే బాత్రూం టైల్సులా ఉన్నాయన్నారు. గవ్వలు చూపిస్తే మా మనవడి నిక్కరు ఇలాగే ఉంటుందన్నారు. వల చూపిస్తే కిటికీకి దోమల జాలీ కొట్టినట్టుందన్నారు. పొలుసులు చూపిస్తే కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చివరికి తన ఫోన్ తీసి ఒక పాత ఫొటో చూపించారు. అందులో ఆయన భార్య సూర్యకళ గారు ఎక్కడో సముద్రం ఒడ్డున నిలబడి నవ్వుతున్నారు.

"ఇదిగో. ఇదీ నాక్కావాల్సింది."

రమేష్ బాబు ఇబ్బందిగా కదిలాడు. "మేడంగారి ఫొటో వెబ్‌సైటంతా పరిస్తే బాగుండదేమోనండి."

"ఆవిడ కాదయ్యా బాబూ! ఆవిడ వెనకాల గోడ!"

ఆ గోడ వేలెడంతే కనబడుతోంది. కానీ కృపారాణికి విషయం అర్థమైపోయింది. ఉప్పుగాలికి పొంగి, పెచ్చులూడి, నాలుగు రంగులు బయటపెట్టుకున్న పాత సున్నపు గోడ. అలాంటివి రేవుపేటలో ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి.

రేవుపేట ఉప్పాడకి కాస్త ఇవతల, బీచ్ రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న పేట. కృపారాణితో ఇంటర్ చదివిన వీరదుర్గ ఆ ఊరి కోడలు. ఒకప్పుడు అక్కడ ఏడు వరసల ఇళ్ళుండేవట. ఇప్పుడు నాలుగున్నర. మిగతావి సముద్రం పట్టుకుపోయింది. ఆ మిగిలిన అర వరసలోనే వీరదుర్గ అత్తగారు లోవలక్ష్మి ఇల్లుంది.

కృపారాణి ఫోన్ చేస్తే వీరదుర్గ, "ఒసేయ్, నేను మా అమ్మోళ్ళింటికాడున్నానే. ఆదివారం గాని రాను. నువ్వెళ్ళి చూసుకో. గోడలేగా, ఎవరేమంటారు?" అంది.

గోడలేగా అనుకుని కృపారాణి శుక్రవారం మధ్యాహ్నం స్కూటీ వేసుకుని వెళ్ళింది.

లోవలక్ష్మి ఇంటి పడమటి గోడ ముందు ఆమె స్టాండ్ కూడా వెయ్యడం మరిచిపోయి నిలబడిపోయింది. పైన నీలం. నీలం ఊడినచోట గులాబి. గులాబి కింద పసుపు, ఆ కింద ఎర్రటి ఇటుక. ఇటుక మీద ఉప్పు తెల్లగా పూసి, అంచుల్లో బూజులా మెరుస్తోంది. మూడు పెళ్ళిచూపులకి కూర్చున్నా కృపారాణి ఎవరినీ అంత ఇష్టంగా చూడలేదు.

చిక్కల్లా ఎండతోనే వచ్చింది. ఏటవాలు ఎండలో తీస్తే ముక్కకి ఒక పక్క వెలుగూ ఒక పక్క నీడా వస్తాయి. వాటిని పక్కపక్కన పేరిస్తే గోడ కాదు, చదరంగం బల్ల అవుతుంది. మబ్బు పట్టిన పొద్దున్నే మళ్ళీ రావాలి, పెద్ద కెమెరా తేవాలి. అందాకా ఏ గోడలు పనికొస్తాయో గుర్తుండాలి కదా. బ్యాగులో సుద్దముక్క ఉంది. నచ్చిన గోడకి అడుగున చిన్నగా 'బా' అని రాసింది, బాగుంది అన్నట్టు. నచ్చనిదానికి 'వ' అని రాసింది, వద్దు అన్నట్టు. టేపు పెట్టి వెడల్పూ ఎత్తూ కొలిచి పుస్తకంలో ఎక్కించుకుంది.

ఆ పేటలో రెండంతస్తుల మేడ ఒక్కటే, పల్లంరాజుది. ఆయన బాల్కనీలోంచి చాలాసేపు చూసి, చొక్కా తొడుక్కుని కిందికొచ్చాడు.

"ఏంటి మేడంగారూ, చూస్తన్నారు?"

"గోడలండి. సోమవారం పొద్దున్నే వచ్చి ఫొటోలు తీసుకుంటాం."

"అన్నిటికీనా అండి?"

"లేదండి. బాగా పాడైపోయినవాటికే."

అంతలో పక్కింట్లోంచి చిట్టియ్య వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు వేటకి వెళ్ళడం మానేసి వలలు బాగుచేస్తున్నాడు. "మా గోడ చూడు తల్లీ, ముట్టుకుంటే రాలిపోతంది" అన్నాడు దిగులుగా.

కృపారాణి చూసి చేతులు జోడించినంత పని చేసింది. "అబ్బ, ఎంత బాగా పాడైపోయిందో తాతగారూ! ఇలాంటివే కదా మాకు కావాల్సింది! ఇంకాస్త ఊడుంటే ఇంకా బాగుండేది."

ఆ గోడ గురించి చిట్టియ్య పదేళ్ళుగా అందరితో మొత్తుకుంటున్నాడు. ఆ గోడని చూసి సంతోషించిన మొదటి మనిషి ఈమే. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆమె స్కూటీ రోడ్డెక్కేసరికి పేటలో సభ మొదలైంది. ఈ సంగతంతా కృపారాణికి వీరదుర్గ తరవాత చెప్పింది. వచ్చినావిడ టేపుతో కొలిచింది, పుస్తకంలో రాసుకుంది, గోడల మీద గుర్తులు పెట్టింది. ఇంక అనుమానం ఏముంది? సముద్రం కోతకి పోతున్న ఇళ్ళ లెక్క తీస్తున్నారు. గుర్తు పడినవాళ్ళకి రోడ్డుకి అవతల కాలనీలో పక్కా ఇళ్ళు. 'బా' అంటే ఏమిటన్నది కాసేపు తేలలేదు. పల్లంరాజే తేల్చాడు. 'బా' అంటే బాధితులు. మరి 'వ' అంటే? వట్టిది.

ఇక శనివారం, ఆదివారం రేవుపేటలో ఎవరూ వేటకి పోలేదు.

సోమవారం తెల్లవారేసరికి ఆకాశం ఒకటే బూడిదరంగు. కృపారాణి ఆఫీసు కెమెరా మెళ్ళో వేసుకుని, ఇంత మంచి వెలుతురు ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ పేటలోకి దిగింది.

మొదటి గోడ దగ్గర కాస్త అనుమానం వచ్చింది. శుక్రవారం అరచేతంత ఉన్న పెచ్చు ఇవాళ తలుపంత ఉంది. రెండో గోడ మీద బిందెలతో నీళ్ళు కొట్టిన చారలు. మూడోదానికి గునపం పోట్లు, వరసగా, ఒకే ఎత్తున. తను 'వ' అని రాసిన గోడల మీద ఆ అక్షరమే లేదు. ఎక్కడ చూసినా 'బా'. గుండ్రటి చేతిరాతలో 'బా', వంకర 'బా', బొగ్గుతో 'బా', ఒకచోట 'భా' కూడా ఉంది. ఒకే ఇంటి మీద రెండు 'బా'లున్నాయి. ఆ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారట. పల్లంరాజు తన మేడ ముందున్న గ్రానైటు స్తంభం మీద ఎర్ర ఆయిల్ పెయింటుతో రాయించాడు.

 కృపారాణి లోవలక్ష్మి గోడ దగ్గరికి పరుగెత్తింది.

నీలం లేదు, గులాబి లేదు. ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిగనిగలాడే చిలకపచ్చ.

లోవలక్ష్మి బ్రష్షు చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పొడుగాటి మనిషి, చేపల బుట్టలు మోసి మోసి మెడ నిటారుగా నిలిచిపోయింది.

"నువ్వేనా అమ్మాయ్, మా ఇంటిమీద రాసింది?"

"అవునండి పిన్నిగారూ, కానీ..."

"నా ఇల్లు పడిపోద్దని రాత్తావా? మూడు తుపాన్లు చూసిందే ఈ గోడ! నీ కాలనీ నాకేం అక్కర్లా. నేను చస్తే ఈ ఇంట్లోంచే తీసుకెళ్ళాలి." కృపారాణి చెయ్యి చాచబోతే, "ముట్టుకోకు, తడింకా ఆరలా" అంది.

అప్పటికే వెనకాల జనం చేరిపోయారు. ఒకరి చేతిలో ఆధార్ జిరాక్సు, ఒకరి చేతిలో రేషన్ కార్డు, ఒకావిడ చంకలో పిల్లాడు, పిల్లాడి చేతిలో పాస్‌పోర్టు సైజు ఫొటోలు.

"అయ్యో, నేను సర్వే మనిషిని కాదండి," అంది కృపారాణి. "వెబ్‌సైట్లకి బ్యాక్‌గ్రౌండ్ చేస్తానండి."

పల్లంరాజు వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పాడు. "బ్యాక్‌గ్రౌండ్ ఎంక్వైరీ అంట!"

"ఎంక్వైరీ ఎందుకమ్మా," అంది చంకలో పిల్లాడున్నావిడ. "మాకే బ్యాక్‌గ్రౌండూ లేదు. ఉంటే ఇన్నేళ్ళు ఇలా ఎందుకుంటాం?"

ఆ సమయానికి వీరదుర్గ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. రాత్రే ఊర్నుంచి వచ్చి, కాలనీ ఇల్లు పోతుంది, గోడకి రంగు వెయ్యొద్దన్నందుకు అత్తగారి చేత చీవాట్లు తిని ఉంది. "ఓసి నీ దుంపతెగ! ఆ రాతలు నీవా? నీకు రాయడానికి వేరే అక్షరమే దొరకలేదటే?" అని, జనం వైపు తిరిగి, ఈవిడ తన క్లాస్‌మేటనీ, ఎండుచేపల కంపెనీ వాళ్ళ కంప్యూటర్ బొమ్మ కోసం గోడలు చూడ్డానికొచ్చిందనీ, ఇళ్ళూ లేవు కాలనీ లేదనీ నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది కృపారాణికి. కాగితాలన్నీ మెల్లిగా మడతలు పడ్డాయి. పిల్లాడి చేతిలో ఫొటోలు వాళ్ళమ్మ తీసుకుని జాకెట్టులో దోపుకుంది.

చిట్టియ్య ముందుకొచ్చాడు. "మరి నాది, తల్లీ?" అన్నాడు.

ఆయన ఇంటి మూల మొత్తం లేదు. ఇంకాస్త ఊడుంటే బాగుండేదని ఆమె అన్న మాట మనసులో పెట్టుకుని, ఆయన రెండు రోజులు కష్టపడి గునపంతో మనిషి దూరేంత కంత చేశాడు. అందులోంచి వంటగదీ, పొయ్యీ, పొయ్యి అవతల కిటికీలోంచి సముద్రమూ కనబడుతున్నాయి.

"పొయ్యి అంటుకోవట్లేదమ్మా," అన్నాడాయన. ఫిర్యాదుగా కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు. "గాలి దూసుకొచ్చేత్తంది."

కృపారాణికి ఏడుపొచ్చింది. నేను కట్టిస్తాను తాతగారూ అనబోతుండగా ఫోన్ మోగింది. బుల్లిరాజు గారు.

"అమ్మా, అన్నవరంలో వ్రతం చేసుకుని బయల్దేరాం. దారే కదా, మన గోడ ఓసారి చూసి పోదామని. రమేష్ బాబు రేవుపేట అని చెప్పాడు."

"వద్దండి! ఇవాళ వద్దండి!"

"ఏమన్నావ్? సిగ్నల్ లేదు. వచ్చేస్తున్నాం."

పావుగంటలో తెల్ల కారొకటి పేటలోకి దిగింది. అందులోంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెళ్ళో కండువా, నుదుట కుంకుమతో బుల్లిరాజు గారు దిగారు. వెనకాల పట్టుచీరలో సూర్యకళ గారు ప్రసాదం సంచితో దిగారు.

పల్లంరాజు ఒక్క చూపులో గ్రహించాడు. "కాదు కాదంటానే పెద్దాయన్నే పిలిపించింది! ముందు కాదనడం వాళ్ళ రూలు!"

మడతపెట్టిన కాగితాలన్నీ మళ్ళీ విచ్చుకున్నాయి. ఎవరో కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఎవరో గుమ్మానికున్న బంతిపూల దండ తెంపుకొచ్చి మెళ్ళో వేశారు. బుల్లిరాజు గారు ఒకప్పుడు మండలానికి పోటీచేసి ఓడిపోయిన మనిషి. అన్ని చేతులు ఒక్కసారిగా తన వైపు చాచుకుని ఉండడం ఆయన కలలో చూశారు గాని కళ్ళతో చూడలేదు. ఇదంతా ఎందుకని అడగాల్సిన క్షణం ఒకటి వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన కాగితాలు పుచ్చుకోవడం మొదలెట్టారు.

"చూస్తానమ్మా. తప్పకుండా చూస్తాను. నీదేంటి బాబూ? ఆ, చూస్తాను."

సూర్యకళ గారు మాత్రం కృపారాణిని కారు చాటుకి లాగారు. "ఏంటమ్మా ఇదంతా?"

కృపారాణి సుద్దముక్క దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. వింటున్నంతసేపూ ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక కిందామీదా అయ్యారు. ఆ తరవాత, ఏదీ ఆ కంత చూపించమన్నారు. కంత ముందు నిలబడి, లోపల ఆరిపోయిన పొయ్యి చూసినప్పుడు ఆవిడ మొహంలో నవ్వు పోయింది. నేరుగా వెళ్ళి మొగుడి మోచెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, అందరికీ చూస్తానంటున్నారుగా. రండి, చూద్దురుగాని."

బుల్లిరాజు గారు మెళ్ళో దండతో కంతలోకి తొంగిచూశారు. గాలి విసురుకి కండువా ఎగిరి మొహానికి చుట్టుకుంది.

"ఉప్పుగాలి కొట్టాలన్నారట," అన్నారావిడ. "కొట్టిందా?"

ఆ తరవాత మాటలన్నీ సూర్యకళ గారే మాట్లాడారు. "మేం గవర్నమెంటోళ్ళం కాదమ్మా. ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళం. మీ కాగితాలు మీకిచ్చేస్తున్నాం. కానీ మా పని మూలాన మీ గోడలు పాడయ్యాయి కాబట్టి, మా చెరువుల దగ్గర పనిచేసే మేస్త్రీని రేపు పంపిస్తాం. సిమెంటు, ఇసక మావే. ఎన్ని గోడలైతే అన్నీ." మొగుడి వైపు చూసి, "స్వామి సన్నిధి నుంచి వస్తూ అన్న మాట. వెనక్కి తీసుకుంటే బాగుండదు" అన్నారు. బుల్లిరాజు గారు గుటక మింగి తలూపారు. ఆవిడ ప్రసాదం పంచిపెట్టారు. గ్రానైటు స్తంభానికి సిమెంటు దేనికండి అని తనకీ కావాలన్న పల్లంరాజుని మాత్రం ఆవిడే ఎదురడిగారు.

జనం నిరాశలోంచి పూర్తిగా తేరుకోకముందే లోవలక్ష్మి అరుగు దిగింది. "ఎండుచేపలంటన్నారు. ఎవరి దగ్గర కొంటన్నారేంటి?" అని అడిగింది. బుల్లిరాజు గారు ఊరి పేరు చెప్పారు. ఆవిడ ముక్కు విరిచి, "ఆళ్ళు ఇసకలో ఆరబెడతారు. రండి, మావి చూపిత్తాను" అని ఆయన్ని వెంటబెట్టుకుని పోయింది.

కంత దగ్గర కృపారాణి ఒక్కతే మిగిలింది. ఊరికే వేలితో తడిమింది. గునపం తగిలిన అంచున గోడ నిలువునా కోసినట్టు తెరుచుకుంది. నీలం, తెలుపు, నీలం, గులాబి, పొగచూరిన పసుపు, మళ్ళీ తెలుపు. చిట్టియ్య పెళ్ళైన దగ్గర్నుంచీ ఏటేటా వేసిన సున్నాలన్నీ పొరలు పొరలుగా, ఆటుపోట్ల గీతల్లా వంకర్లు తిరుగుతూ ఉన్నాయి. లోవలక్ష్మి గోడ కూడా దీని ముందు దిగదుడుపే. ఆకాశం చూసింది. మబ్బింకా విడలేదు.

"తాతగారూ," అంది మొహమాటంగా, "మేస్త్రీ రాకముందు దీన్ని ఫొటో తీసుకోనా?"

"తీసుకో తల్లీ. దాని కోసమేగా పగలగొట్టింది."

ఆ ఫొటోని ముక్క చెయ్యడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. ఫొటోని నాలుగు భాగాలు చేసి, అంచుల్ని మధ్యలోకి మార్చి, అతుకు కనబడ్డచోటల్లా పక్కనున్న గరుకుని తెచ్చి అద్దింది. పొగమరక ఒకటి తీసేసింది. గునపం గీత ఒకటి ఉంచింది. పేర్చి చూస్తే తెర నిండా గోడ, ఎక్కడా తెగకుండా. రమేష్ బాబు కళ్ళద్దాలు పెట్టుకుని పావుగంట వెతికి అతుకు దొరకలేదన్నాడు. బుల్లిరాజు గారు భీమవరంలో తెరిచి చూసి ఫోన్ చేసి, "కొట్టిందమ్మా, ఉప్పుగాలి" అన్నారు. ఆరేళ్ళ ఉద్యోగంలో కృపారాణికి దక్కిన మొదటి పొగడ్త అది.

వెబ్‌సైటు బయటికొచ్చిన రోజున రేవుపేట నుంచి వీరదుర్గ ఫోన్.

"ఏమే, చిట్టియ్య గోడ పెట్టావన్నావ్. ఇక్కడ అందరం చూస్తన్నాం. గోడా లేదు, గీడా లేదు. తెల్లగా ఉంది, మధ్యలో ఎండు నెత్తళ్ళ పొట్లం."

కృపారాణి నాలిక కరుచుకుంది. ఫోన్లో చూస్తే రాతలకోసం వేసిన తెల్ల పెట్టె తెరంతా ఆక్రమించేస్తుంది. వెనకున్నదానికి చోటే ఉండదు. సరే, ఆదివారం లాప్‌టాప్ తెస్తానంది.

ఆదివారం ఆరాధన అవగానే బయల్దేరి వెళ్ళేసరికి మేస్త్రీ పని పూర్తయింది. చిట్టియ్య మూల బూడిదరంగు సిమెంటుతో బలంగా నిలబడి ఉంది. లోవలక్ష్మి అరుగు మీద లాప్‌టాప్ తెరిచారు. చిట్టియ్య దగ్గరగా వంగి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు. "ఇంత గోడ మాకెక్కడుంది తల్లీ? మాది మూరెడేగా?" అన్నాడు. అదే మూరెడు మళ్ళీ మళ్ళీ పేర్చానని ఆమె చెబితే, ఆ నీలం మాదేనని ఒకరు, ఆ గులాబి మా గోడదని ఇంకొకరు పోట్లాడుకున్నారు. పేటకి సున్నం తెచ్చేది ఒకే కొట్టు నుంచి కాబట్టి ఎవరూ గెలవలేదు.

లోవలక్ష్మి దూరంగా నిలబడి చూస్తోంది. కాసేపాగి దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఈ పెచ్చు. కుక్కపిల్ల పడుకున్నట్టుంది. మళ్ళీ ఇదిగో, ఇక్కడ. మళ్ళీ ఇక్కడ. ఎన్ని కుక్కపిల్లలమ్మాయ్ ఇక్కడ?"

కృపారాణి చూసింది. అతుకు లేదు, నిజమే. కానీ ఒకసారి కుక్కపిల్ల కనబడ్డాక ఇంక గోడ కనబడదు. తోక ముడుచుకుని పడుకున్న బుల్లి తెల్ల కుక్కపిల్లలు, ఇరవయ్యో ముప్పయ్యో, బారులు తీరి ఉన్నాయి. అరుగు మీదున్న వాళ్ళందరికీ కూడా కనబడిపోయాయి. ఒకావిడ లెక్కబెట్టడం మొదలెట్టింది.

"మీకెలా తెలిసింది పిన్నిగారూ? మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు."

"ఎలా తెలవడమేంటి? ఉన్నాయిగా!"

ఆమె అక్కడే కూర్చుని సరిచెయ్యడం మొదలెట్టింది. చెవి చెరిపితే కోడిపిల్ల అయిందన్నారు. కోడిపిల్లని చెరిపితే పల్లంరాజు ముక్కులా ఉందన్నారు. పల్లంరాజు దాన్ని ఒప్పుకోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి లోవలక్ష్మి కళ్ళు చికిలించి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, "ఆ. ఇప్పుడు గోడలాగుంది" అని, పండుగప్ప పులుసుతో అన్నం పెట్టింది. చిలకపచ్చ గోడ ఎందుకు పెట్టలేదని కూడా అడిగింది. కృపారాణి గబగబా ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ వెబ్‌సైటులో, మాకు రాయండి అని చివర ఒక పేజీ ఉంది. మొదటి పది రోజుల్లో దానికి పదకొండు ఉత్తరాలొచ్చాయి. రెండు బెంగళూరు నుంచి, చేపల కోసం. తొమ్మిది రేవుపేట నుంచి. "అయ్యా, మా ఇల్లు సముద్రానికి ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, చూడగలరు." "అమ్మా, పోయిన తుపానుకి మా వంటిల్లు పోయింది." కంపెనీ గవర్నమెంటు కాదని వాళ్ళకి బాగా తెలుసు. కానీ రాస్తే ఎక్కడికో చేరే పెట్టె ఒకటి దొరికింది కదా, రాశారు.

రమేష్ బాబు తీసెయ్యమన్నాడు. కృపారాణి తీసెయ్యలేకపోయింది. రాత్రికి రాత్రే కాదు గాని, నాలుగు సాయంత్రాలు కూర్చుని తొమ్మిదింటినీ కలిపి ఒక అర్జీ రాసింది. పెద్ద కెమెరాతో మళ్ళీ వెళ్ళి ప్రతి గోడకీ, ప్రతి ఇంటికీ సముద్రానికీ మధ్య మిగిలిన జాగాకీ ఫొటోలు తీసి జతచేసింది. సోమవారం వీరదుర్గనీ చిట్టియ్యనీ వెంటబెట్టుకుని కాకినాడలో కలెక్టరాఫీసుకి వెళ్ళి, అర్జీలు తీసుకునే వరసలో నిలబడింది. వాళ్ళ వంతు వచ్చేసరికి పన్నెండయింది. అక్కడున్న ఉద్యోగి ఫొటోలన్నీ ఒక్కొక్కటే తిప్పి, మొదటికొచ్చి మళ్ళీ తిప్పి, స్టాంపు కొట్టి రసీదు ఇచ్చాడు. విచారణకి మనిషొస్తాడన్నాడు. ఎప్పుడని అడిగితే, వచ్చినప్పుడు తెలుస్తుందన్నాడు.

బయటికొచ్చాక చిట్టియ్య ఆ రసీదు రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "వత్తారంటావా తల్లీ?"

"తెలీదు తాతగారూ," అంది కృపారాణి. ఈసారి సంతోషపెట్టే మాట ఏదీ అనదలుచుకోలేదు.

"సరేలే. ఇక్కడ దీనికి ప్లాస్టిక్ అంటించే కొట్టుందా? మా ఇంట్లో ఏ కాగితమూ నాలుగు నెల్లు ఆగదు. ఉప్పుగాలికి మెత్తబడిపోద్ది."

వీరదుర్గ రోడ్డవతల జిరాక్సు షాపు చూపించింది. ముగ్గురూ ఆటోలు తప్పించుకుంటూ దాటారు.